చిత్తుకాగితాలకూ ఒక పద్దు

(విజయవాడలో ఆసుపత్రులు, కాలేజీలు, ఫైనాన్స్ ఆఫీసుల సిబ్బంది కోసం జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి కూడా చాలామంది వచ్చారని చెప్పారు. పొద్దున్నే వారధి మీద ట్రాఫిక్ దాటుకుని వచ్చారంటే విషయం మీద ఆసక్తి అయినా ఉండాలి, ఆఫీసులో ఎవరో గట్టిగా చెప్పి పంపించయినా ఉండాలి. (నవ్వులు)

ముందు నేనే ఒకటి అడుగుతాను. మీ ఆఫీసుకు వచ్చే ప్రతి కాగితానికీ ఇన్‌వర్డ్ రిజిస్టరు ఉంది. నంబరు వేస్తారు, తేదీ ముద్ర కొడతారు, ఎవరి సీటుకు పంపారో రాస్తారు. పనయిపోయాక అదే కాగితం ఎటు పోయిందో చెప్పే రిజిస్టరు ఎంతమంది దగ్గరుంది? చేతులెత్తండి. రెండు... మూడు. వెనకాల మేడం గారు ఎత్తారా, ఫ్యాన్ తగ్గించమంటున్నారా? ఫ్యాన్ గురించా, సరే.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది దాదాపు ఇదే. ష్రెడ్డర్, అంటే కాగితాలను ముక్కలు చేసే మిషన్, కొనడం పెద్ద పనేం కాదు, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే రెండో రోజుకి వస్తుంది. కాగితం బల్ల మీద నుంచి లేచి ముక్కలయ్యేదాకా ఎవరి చేతుల్లో ఉందో, ఎవరు చెప్తే పోయిందో రాసిపెట్టుకోవడమే అసలు పని. రేపు ఎవరైనా వచ్చి అడిగితే మిషన్ బిల్లు చూపిస్తే సరిపోదు, ఆ రాత చూపించాలి.

మన ఊళ్లో ఆఫీసు కాగితం ఎలా బయటికి పోతుందో మీకు తెలియంది కాదు. మార్చి ఆఖరుకో, దసరా శుభ్రాలప్పుడో రికార్డు రూం తలుపు తీస్తారు. బీరువాల్లో, బీరువాల మీద, బీరువాల మధ్య అంతా కట్టలే. మేనేజరు గారు ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని "పాతవన్నీ తీసెయ్యండయ్యా" అంటారు. ఏవి పాతవో మాత్రం చెప్పరు. అటెండరు గోనె సంచుల్లో కుక్కి, పాత పేపర్లు కొనే అతన్ని పిలుస్తాడు. కాటా వేస్తారు. వచ్చిన డబ్బులతో స్టాఫంతా కలిసి పునుగులు తెప్పించుకుంటారు. ఆ పునుగులు కట్టిచ్చిన కాగితం ఎవరి కేస్ షీటో ఎవరికీ తెలియదు. (నవ్వులు) తినే వస్తువులు న్యూస్‌పేపర్లో కట్టొద్దని, సిరా ఒంటికి మంచిది కాదని 2023లో కేంద్ర ఆహార భద్రత సంస్థ చెప్పింది. కేస్ షీట్లలో కట్టడం గురించి వాళ్లకు తోచినట్టు లేదు.

కొనుక్కెళ్లినతని తప్పేమీ లేదండీ. అతను వ్యాపారం చేస్తున్నాడు. తీసుకెళ్లి వేరు చేస్తాడు. అట్టలు ఒకవైపు, పాత పుస్తకాలు ఒకవైపు, రంగు కాగితాలు ఒకవైపు. నలిగిందీ చిరిగిందీ మిల్లుకు పోయి గుజ్జవుతుంది, దాని గురించి మనకు బెంగ లేదు. ఏ4 సైజు, ఒకవైపే ప్రింటు, రెండో వైపు తెల్లగా ఖాళీగా ఉన్న కాగితాన్ని మాత్రం అతను మిల్లుకు పంపడు. అది చిత్తు పుస్తకాలకు, పొట్లాలకు, చిన్న కొట్లలో లెక్కలు రాసుకోవడానికి అమ్ముడుపోతుంది. ఆఫీసు ప్రింటర్లోంచి వచ్చేదంతా ఆ రకమే కదా? అంటే దేని గురించి మనం భయపడాలో సరిగ్గా అదే బజార్లో ఎక్కువ రోజులు బతుకుతుంది.

ఆ కాగితం మీద ఏముంటుందో ఒకసారి చూద్దాం. సూర్యారావుపేటలో ఏ ఆసుపత్రికి వెళ్లినా అడ్మిషన్ ఫారం నింపిస్తారు. పేషెంటు పేరు, వయసు, ఇంటి అడ్రసు, తోడు వచ్చినవాళ్ల ఫోను నంబరు, వెనకాల ఆధార్ జిరాక్సు. లోపల రిపోర్టులు. షుగరు ఉందనో, గర్భం పోయిందనో, మానసిక వైద్యం జరుగుతోందనో. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పని సంగతులు అందులో ఉంటాయి. గోల్డ్ లోన్ ఫైలు తీసుకోండి. ఫొటో, సంతకం, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, అన్నీ కలిపి ఒకే పిన్ను. ఇంకొకరి పేరు మీద సిమ్ముకో లోనుకో అప్లై చేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్ల బీరువాల్లో రైతుల పట్టాదారు పాస్‌బుక్ జిరాక్సులు కట్టలు కట్టలు ఉంటాయి. కాలేజీల సంగతి చెప్పనే అక్కర్లేదు. పదో తరగతి పరీక్షలు అయ్యీ అవకముందే తల్లిదండ్రులకు వరసపెట్టి ఫోన్లు వస్తాయి. పిల్లవాడి పేరు, స్కూలు పేరుతో సహా చెప్తారు. ఆ లిస్టులు ఆకాశం నుంచి ఊడిపడవు కదా.

ఇంతా విని కొందరు, "మా దగ్గర ష్రెడ్డర్ ఉందండీ" అంటారు. చాలా సంతోషం. ఎక్కడుంది? అకౌంట్స్ రూంలో, ప్రింటర్ పక్కన, పైన కుంకుమ బొట్టుతో. ఆయుధపూజ నాడు పెట్టింది. (నవ్వులు) చిన్న ష్రెడ్డర్లు ఒకసారికి ఐదారు కాగితాలు తీసుకుంటాయి. కొన్ని నిమిషాలు నడిచాక వేడెక్కి ఎర్ర లైటు వేసి ఆగిపోతాయి. చల్లారడానికి అంతకు కొన్ని రెట్ల టైము పడుతుంది. ఇదంతా మాన్యువల్లో రాసే ఉంటుంది గానీ ఆ మాన్యువల్ డబ్బాతో పాటే పోయుంటుంది. ఇప్పుడు ఒక అటెండరును ఊహించుకోండి. రెండు గోనె సంచుల కాగితం ఇచ్చి "ఇవాళ అయిపోవాలి" అన్నారు. పిన్నులు పీకాలి, ఐదేసి పెట్టాలి, అది ఆగినప్పుడల్లా కూర్చోవాలి, మధ్యలో ఇరుక్కుంటే స్కేలు పెట్టి గీకాలి. సాయంత్రం ఆరవుతుంది. బస్సు టైము. సగం సంచి కూడా అవలేదు. మిగిలిన సంచిన్నర ఎటు పోతుందో నేను చెప్పక్కర్లేదు. అతన్ని తిట్టి లాభం లేదు. ఆ మిషన్ రోజూ వచ్చే పది ఇరవై కాగితాలకోసం చేసింది, ఏడాది కొండకు కాదు.

మిషన్ నడిచిందే అనుకుందాం. ముక్కలు ఎలా పడుతున్నాయో చూశారా? ఇదిగోండి, ముందు వరసలో వాళ్లు ఈ పీలికలు తీసుకుని వెనక్కి పంపించండి. కంగారు పడకండి, పేర్లన్నీ నేను కల్పించినవే. ఇది మామూలు పీలికల ష్రెడ్డర్, నిలువుగా ఆరు మిల్లీమీటర్ల వెడల్పున కోస్తుంది. నేను పెట్టింది ఎక్సెల్ షీటు. కాలమ్స్ ఎక్కువ ఉంటాయని అందరూ దాన్ని అడ్డంగా ప్రింటు తీస్తారు కదా. కాగితాన్ని మిషన్లో పెట్టేటప్పుడు మాత్రం పొట్టి అంచు ముందుకు పెడతాం, మిషన్ నోరు అంతే ఉంటుంది కాబట్టి. అప్పుడు ఏమైంది? బ్లేడు మన అక్షరాల వరస వెంబడే నడిచింది. ప్రింటు అక్షరం ఎత్తు మూడు నాలుగు మిల్లీమీటర్లు, పీలిక ఆరు. ఒక్కో పీలిక మీద ఒక్కో మనిషి! చదవండి సార్, మీ చేతిలో ఉన్నది. "పేరు, తండ్రి పేరు, ఫోను, ఖాతా నంబరు"... చాలు చాలు. పీలికలు కలిపి అతికించక్కర్లేదు, ఒక్కటి చాలు. ఇంతకంటే ఆ షీటును చేత్తో నాలుగు ముక్కలు చింపినా నయం అనిపిస్తుంది. అదీ చెయ్యకండి.

దీనికి ఒక కొలబద్ద ఉంది. జర్మనీ వాళ్లు 2012లో డిన్ 66399 అని తెచ్చారు. 2018లో అదే ఐఎస్ఓ/ఐఈసీ 21964గా అంతర్జాతీయ ప్రమాణమయింది. కాగితానికి పి-1 నుంచి పి-7 దాకా ఏడు స్థాయిలు. ఇందాకటి ఆరు మిల్లీమీటర్ల పీలిక పి-2. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు కాబట్టి 35 పీలికలవుతాయి. పి-4 అంటే ఒక్కో ముక్క 160 చదరపు మిల్లీమీటర్లు దాటకూడదు, వెడల్పు ఆరు దాటకూడదు. అదే కాగితం దాదాపు 390 ముక్కలవుతుంది. పి-5 అయితే ముక్క 30 చదరపు మిల్లీమీటర్ల లోపు, అంటే రెండు వేలకు పైనే ముక్కలు. పి-7లో పన్నెండు వేలు దాటుతాయి. అది రక్షణ శాఖ రహస్యాలకు, మనకు అవసరం లేదు. కొన్నారంటే అటెండరు ఉద్యోగం మానేస్తాడు. మనుషుల వివరాలున్న మామూలు ఆఫీసు కాగితాలకు పి-4 కంటే తగ్గొద్దు, వైద్యం కాగితాలకు, ఆధార్ కట్టలకు పి-5 పెట్టుకోండి అని నా మాట. కొనేటప్పుడు షాపువాడు "క్రాస్ కట్ సార్, సూపర్ సార్" అంటాడు, అంటే అడ్డంగా కూడా కోస్తుందని. డబ్బా మీద పి తర్వాత ఏ అంకె ఉందో చూడండి.

ఈ చాదస్తం ఎందుకంటే, అతికించేవాళ్లు ఉన్నారు కాబట్టి. 1979లో టెహరాన్‌లో అమెరికా ఎంబసీని విద్యార్థులు చుట్టుముట్టినప్పుడు లోపలివాళ్లు కాగితాలు పీలికలు చేశారు. ఇరాన్ అంటే తివాచీల దేశం. తివాచీలు నేసేవాళ్లను కూర్చోబెట్టి ఆ పీలికలన్నీ వరసగా పేర్పించి, ఆ తర్వాత పుస్తకాలుగా అచ్చేశారు. ఓపిక ఉన్న వేళ్లు చేసిన పని అది. 2011లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఐదు పజిళ్లతో 50,000 డాలర్ల పోటీ పెట్టింది. పదివేలకు పైగా ముక్కలు. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టొకటి కంప్యూటర్ ప్రోగ్రాం సాయంతో నెల రోజుల పైచిలుకులో ఐదూ విప్పేసింది. ఆ లెక్కన పదిహేనేళ్ల తర్వాత మన చేతుల్లో ఉన్న ఫోన్లు ఏం చెయ్యగలవో మీరే ఆలోచించండి. మీ ఆఫీసు చెత్తబుట్ట కోసం అంత కష్టపడేవాడు ఉండకపోవచ్చు. నేనూ ఒప్పుకుంటాను. ఎక్కువ నష్టం ముక్కలైన కాగితంతో జరగదు, అసలు మిషన్ దాకా రాని కాగితంతోనే జరుగుతుంది.

ఇక చట్టం. నిద్ర వచ్చేవాళ్లు ఇప్పుడు టీ తాగి రావచ్చు. (నవ్వులు) వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న చెప్పింది. ఆ తర్వాత ఆరేళ్లకు, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా. తగిన భద్రత చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల దాకా పోవచ్చు. అందరికీ అంత వేస్తారని కాదు, అదీ పరిమితి. డేటా బయటికి పోయిందని తెలిసాక డేటా పరిరక్షణ బోర్డుకీ, ఆ మనుషులకీ చెప్పకపోతే దానికి వేరే 200 కోట్ల దాకా.

"పేరులోనే డిజిటల్ అని ఉంది కదండీ, కాగితంతో మాకేం పని" అని ఒక లాయరు గారే నాతో వాదించారు. చట్టం మూడో సెక్షన్ చూడండి. డిజిటల్‌గా సేకరించింది సరే, కాగితం మీద తీసుకుని తర్వాత డిజిటల్ చేసిందీ దాని కిందకే వస్తుంది. చేత్తో నింపిన ఏ ఫారాన్ని మీరు కంప్యూటర్లో ఎక్కించరు? ఇక ప్రింటవుట్ అంటారా, అది కంప్యూటర్ కడుపులోంచి వచ్చిందే. కంప్యూటర్లో ఉన్నంతసేపూ పాస్‌వర్డ్, కాగితమయ్యాక పునుగుల కొట్టు అంటే కుదురుతుందా? పూర్తిగా కాగితం మీదే పుట్టి కాగితం మీదే పోయిన దానికి ఈ చట్టం వర్తించదనే వాదన నిలబడొచ్చు. నేనైతే ఆ వాదన మీద 250 కోట్లు పందెం కాయను.

ఇందులో చాలామంది చూడని మాట ఇంకొకటుంది. డేటా ఉల్లంఘన అంటే బయటికి పొక్కడమే అనుకుంటాం. నిర్వచనంలో "నాశనం" కూడా ఉంది. పొరపాటున ఉంచాల్సింది చింపేసినా ఉల్లంఘనే! అందుకని "అన్నీ ష్రెడ్ చేసేద్దాం, గోల వదిలిపోతుంది" అనే హుషారు కూడా ప్రమాదమే. పని తీరిన డేటా తుడిచెయ్యమని ఒకవైపు చెప్తూనే, ఇంకో చట్టం ఉంచమంటే ఉంచమని అదే సెక్షన్లో ఉంది.

ఇంకో చట్టం అంటే ఒకటి కాదు. కంపెనీల లెక్కల పుస్తకాలు, వోచర్లు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. జాగ్రత్తగా వినండి, ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటి నుంచి కాదు. 2021-22 సంవత్సరం రిటర్నుకు గడువు 2022 డిసెంబరు 31. అక్కడి నుంచి లెక్కేస్తే 2028 డిసెంబరు 31 దాకా ఆ కట్ట ముట్టుకోకూడదు. ఆసుపత్రులకు 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు. పోలీసు కేసుతో ముడిపడ్డ మెడికో లీగల్ కేసయితే కేసు తేలేదాకా. స్కానింగ్ సెంటర్లలో గర్భిణుల వివరాలు రాసే ఫారం ఎఫ్‌లు రెండేళ్లు, కేసు నడుస్తుంటే అది తేలేదాకా. చిన్నపిల్లల రికార్డులు మూడేళ్లకే తీసెయ్యొద్దని నా సలహా. మైనరుకు దావా వేసే గడువు పెద్దయ్యాక కూడా మిగిలే వీలుంది. బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు మనీ లాండరింగ్ చట్టం కింద గుర్తింపు పత్రాలు ఖాతా మూసేశాక ఐదేళ్లు ఉంచాలి. కేసులో ఉన్న కాగితం, నోటీసు వచ్చిన కాగితం, వస్తుందని తెలిసిన కాగితం ఇవేవీ గడువు దాటినా కదపకూడదు. కోర్టులో చూపించాల్సినదాన్ని చూపించకుండా చెయ్యడానికి నాశనం చేస్తే అది క్రిమినల్ నేరం. పాత ఐపీసీలో 204, ఇప్పుడు న్యాయ సంహితలో 241.

కాబట్టి ఫైలు మూసిన రోజే దాని అట్ట మీద "ఫలానా తేదీ తర్వాత తీసెయ్యొచ్చు" అని రాసేయండి. ఐదేళ్ల తర్వాత రికార్డు రూంలో దుమ్ములో నిలబడి ఎవరూ సెక్షన్లు లెక్కపెట్టలేరు.

పెద్ద సంస్థలు ఈ పని బయటివాళ్లకు ఇస్తాయి. అందులో రెండు పద్ధతులున్నాయి. వాళ్ల ప్లాంటుకు తీసుకెళ్లి చేసేది ఒకటి, లారీలోనే మిషన్ పెట్టుకొచ్చి మీ గేటు ముందు చేసేది ఇంకొకటి. రెండోది ఖరీదు, కానీ కళ్లెదుట అవుతుంది. మొదటిదైతే తాళం వేసిన డబ్బాలు, సీలు నంబర్లు, మూసిన బండి ఉండాలి. ట్రాలీ ఆటోలో తాడు కట్టి బెంజి సర్కిల్ మీదుగా తీసుకెళ్తే, గాలికి లేచిన కాగితం ఎవరి బాధ్యత? మీదే. పని ఎవరికి అప్పగించినా జవాబుదారీ మీదేనని, చెల్లుబాటయ్యే ఒప్పందం లేకుండా అప్పగించకూడదని చట్టంలోనే ఉంది. అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ అంత పెద్ద బ్యాంకు పాత కంప్యూటర్ల పని సామాన్లు తరలించే కంపెనీకి ఇచ్చింది. డేటా తుడవడంలో వాళ్లకు ఏ అనుభవమూ లేదు. కస్టమర్ల డేటాతోనే కొన్ని డిస్కులు వేలంలో అమ్ముడుపోయాయి. 2020లో ఒక నియంత్రణ సంస్థ 6 కోట్ల డాలర్లు, 2022లో ఇంకొకటి 3.5 కోట్ల డాలర్లు వేశాయి. మూవర్స్ అండ్ ప్యాకర్స్‌ను నమ్మినందుకు.

గుంటూరు వాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. యార్డులో రైతు తన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా మీద నుంచి దిగేదాకా కదలడు. సరుకు లెక్క రాసిన చీటీ, తక్‌పట్టీ, చేతికొచ్చాకే టీ. తన సరుకు మీద ఉన్న ఆ పట్టింపు మనకు ఇతరుల కాగితాల మీద ఎందుకు లేదు? సంచి ఇచ్చేటప్పుడు తూకం వేయండి, అక్కడ మిషన్లో పడే ముందు మళ్లీ వేయించండి, మీ మనిషి ఒకరు నిలబడి చూడాలి. చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. అందులో తేదీ, స్థలం, సీలు నంబర్లు, బరువు, ముక్క సైజు, చూసినవాళ్ల సంతకం ఉన్నాయా చూసుకోండి. "సుమారు 200 కిలోల కాగితం నాశనం చేయబడినది" అని ఒక్క ముక్క రాసిస్తే అది మీకు ఎందుకూ పనికిరాదు. ఏ కాగితం అన్నది మీ రిజిస్టరులోనే ఉండాలి, వాళ్లకెలా తెలుస్తుంది?

డబ్బుల విషయంలో రిజర్వ్ బ్యాంకు ఇదే చేస్తుంది. పాత నోట్లు లెక్కపెట్టే మిషన్లోనే ముక్కలై, ఇటుకల్లా నొక్కుకుని బయటికొస్తాయి. 2016లో పెద్ద నోట్లు రద్దయినప్పుడు అలాంటి ముక్కలు కేరళలో కన్నూరు దగ్గర ఒక ప్లైవుడ్ కంపెనీకి వెళ్లి హార్డ్‌బోర్డులో కలిశాయి. ఎవరి కళ్లబడినా ఇబ్బంది లేని స్థితికి తెచ్చాకే బయటికి పంపారు. మన ష్రెడ్డర్ ముక్కలు కూడా మిల్లుకే ఇవ్వొచ్చు. సన్న ముక్కలకు రేటు కొంచెం తక్కువ, అంతే.

కాగితం కానివాటి గురించి తొందరగా చెప్పేస్తాను. పాత ఎక్స్‌రే ఫిల్ములు వెండి కోసం కొంటారు. మంచి రేటు కూడా ఇస్తారు. ఫిల్మ్ మూల పేషెంటు పేరు, వయసు, తేదీ ఉంటాయి, అవి చూసుకోకుండా అమ్మేస్తారు. కొనేవాడికి పేరున్న మూల కత్తిరించిగానీ, ముక్కలు చేసిగానీ ఇవ్వండి. పెద్ద జిరాక్స్ మిషన్లలో హార్డ్ డిస్క్ ఉండొచ్చు, తీసిన కాపీల బొమ్మలు అందులో మిగిలిపోవచ్చు. అమెరికాలో అఫినిటీ అనే ఆరోగ్య బీమా సంస్థ అద్దె మిషన్లు డిస్కు తుడవకుండా తిరిగి ఇచ్చేసింది. ఒక టీవీ ఛానల్ వాళ్లు వాటిలో ఒకదాన్ని కొని చూస్తే లోపల పేషెంట్ల వివరాలు! 2013లో 12 లక్షల డాలర్లకు పైగా కట్టి బయటపడ్డారు. మీ అద్దె మిషన్ మార్చేటప్పుడు డిస్కు సంగతి కాగితం మీద రాయించుకోండి. కంప్యూటర్ డిస్కును ఫార్మాట్ కొడితే పోయినట్టు కాదు. పాత తిరిగే డిస్కులకు అయస్కాంతంతో తుడిచే యంత్రం పనిచేస్తుంది, కొత్త ఎస్‌ఎస్‌డీలకు అది పనిచెయ్యదు, లోపలి చిప్పులు విరగాలి.

నా మాటలు చాలు. మీరు అడగండి.

(ఒక ఆసుపత్రి మేనేజరు) సార్, 2024 సెప్టెంబరు బుడమేరు వరదకి మా కింద ఫ్లోర్ రికార్డు రూం మొత్తం నీళ్లలో ఉంది. అట్టలైపోయిన ఫైళ్లు ఇప్పటికీ సంచుల్లో పెట్టాం. ఏం చెయ్యమంటారు?

అమ్మా, ముందు వాటిని ష్రెడ్డర్లో పెట్టకండి, మిషన్ పోతుంది. అతుక్కుపోయిన కాగితాన్ని గుజ్జు చేయించడమే మార్గం. నేరుగా మిల్లుకు, మీ మనిషి వెంట ఉండి. అంతకంటే ముందు ఒక పని ఉంది. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఫైళ్లు తడిశాయో రాయండి. మూడేళ్ల గడువు ఇంకా తీరనివీ, కేసుల్లో ఉన్నవీ విడిగా. కంప్యూటర్లో ఎంత మిగిలిందో చూడండి. అప్పటి ఫొటోలు ఫోన్లలో ఉంటాయి, అవి ఆ పత్రానికి జత చేసి డాక్టరు గారి సంతకం పెట్టించండి. రేపు పేషెంటు రికార్డు అడిగితే "వరదలో పోయింది" అనే మాటకు అదే సాక్ష్యం. ఆ పని కాకుండా సంచులు కదపొద్దు. ఈసారి రికార్డు రూం పై ఫ్లోరులో పెట్టించండి, దయచేసి.

(వెనక వరస నుంచి) తగలబెట్టేస్తే పోదా అండీ? ఖర్చు లేదు.

ఖర్చు ఉంది. చెత్త బహిరంగంగా తగలబెడితే ఐదు వేలు, పెద్ద మొత్తమైతే పాతిక వేలు జరిమానా అని 2016లోనే గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది. అదలా ఉంచండి. గట్టిగా కట్టిన ఫైలు తగలబెట్టి చూశారా ఎప్పుడైనా? అంచులు మాడతాయి, గాలి ఆడక లోపలి పేజీలు అలాగే ఉంటాయి. 2024 జులైలో మన కృష్ణా కరకట్ట మీద కాల్చేసిన ప్రభుత్వ ఫైళ్లు దొరికాయి కదా, పేపర్లలో ఫొటోలు వచ్చాయి. ఆ కేసు మంచిచెడ్డలు మనకొద్దు. కాలాక కూడా అవి ఏ శాఖవో జనానికి తెలిసిపోయింది, అది గుర్తుంచుకోండి చాలు.

(గుంటూరు బ్రాడీపేటలో ప్రాక్టీసు చేస్తున్న ఆడిటర్) మాది చిన్న ఆఫీసు. ఇద్దరు అసిస్టెంట్లు. క్లయింట్లు పాన్లు, ఆధార్లు వాట్సాప్‌లో పంపుతారు, మేము ప్రింట్లు తీస్తాం. ఈ పద్ధతులన్నీ మాకు బరువు కాదా?

మీకు ఏడాదికోసారి పెట్టుకుంటేనే బరువండీ. పి-4 మిషన్ ఒకటి ప్రింటర్ పక్కనే పెట్టి, రోజూ సాయంత్రం పది నిమిషాలు ఆ రోజు చిత్తు ప్రింట్లు వేసేయండి. మిషన్ వేడెక్కదు, మనిషికి విసుగు రాదు. అవసరం లేని ప్రింటు తీయకపోతే ఇంకా మంచిది. ఆధార్ కావాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్డ్ ఆధార్ అడగండి. బయట జిరాక్స్ షాపులో ప్రింటు తీయించే అలవాటు మాత్రం మానుకోండి. క్లయింటు ఆధార్ ఆ షాపు వాట్సాప్‌లో ఎన్నేళ్లు ఉంటుందో ఆ దేవుడికే తెలియాలి. ఇంకొకటి, అసలు పత్రాలు మీ దగ్గర పెట్టుకోకండి. పనయ్యాక తిరిగిచ్చేసి సంతకం తీసుకోండి. మీ బీరువా సగం ఖాళీ అవుతుంది.

(ఒక ఫైనాన్స్ సంస్థ ఉద్యోగి) అన్నీ స్కాన్ చేసేశాం సార్. ఒరిజినల్స్ ష్రెడ్ చెయ్యొచ్చా?

అన్నీ కాదు. ప్రాంసరీ నోట్లు, పవర్ ఆఫ్ అటార్నీలు స్కాన్ ఉంది కదా అని చింపితే మీ లాయరు నెత్తి కొట్టుకుంటారు. సంతకం తనది కాదని అవతలివాడు అంటే, ఆ సిరా పరీక్షకు అసలు కాగితమే కావాలి. ఆస్తి పత్రాలు సరేసరి, అవి మీవి కాదు, లోను తీరగానే తిరిగివ్వాల్సినవి. మామూలు అప్లికేషన్లు, గుర్తింపు పత్రాల జిరాక్సులు అయితే, స్కాన్ ప్రతి పేజీ స్పష్టంగా ఉందో లేదో ఒకరు తెరిచి చూసి సంతకం పెట్టాక తీసెయ్యొచ్చు. చూడకుండా తీసేసి, తర్వాత ఫైలు తెరిస్తే తెల్ల పేజీలు కనిపించిన ఆఫీసులు ఉన్నాయి.

(ఇందాక ఫ్యాన్ తగ్గించమన్న మేడం గారు) మరి ఆ రిజిస్టరులో ఏమేం రాయాలి? ఎవరు సంతకం పెట్టాలి?

ఇద్దరు పెట్టాలి. తీసెయ్యొచ్చని నిర్ణయించినవాళ్లు ఒకరు, ముక్కలవుతుంటే చూసినవాళ్లు ఇంకొకరు. ఆ ఇద్దరూ ఒకరే కాకూడదు. మీది ఒక డాక్టరు, ఒక కాంపౌండరు ఉన్న క్లినిక్ అనుకోండి, డాక్టరు గారు నిర్ణయిస్తారు, కాంపౌండరు చూస్తాడు, సరిపోతుంది. కట్ట నంబరు, అందులో ఏ రకం కాగితాలు, ఏ సంవత్సరానివి, ఏ నియమం ప్రకారం గడువు తీరింది, ఏ తేదీన, ఏ పద్ధతిలో, ఎంత బరువు. ఇవి చాలు. పేషెంట్ల పేర్లు, ఆధార్ నంబర్లు మాత్రం అందులో రాయకండి, ఫైలు నంబర్లు రాస్తే సరిపోతుంది. నమూనా పేజీలు కొన్ని తెచ్చాను, భోజనాలకు వెళ్లే ముందు తలుపు దగ్గర బల్ల మీద ఉంటాయి, తీసుకోండి. ఎడమ చేతి కాలమ్ ఖాళీగా వదిలాను, మీ ఆఫీసులో ఫైళ్లకు ఏ నంబర్లు వేస్తారో దాన్ని బట్టి మీరే గీసుకోండి.